పళ్ళతో వినేవాడు

పుదుపేటలో మే నెల మధ్యాహ్నం.
ఏసీ వేస్తే చాలు, డాష్‌బోర్డు వెనక
ఎవరో ఇసకలో శనగలు వేయిస్తున్న చప్పుడు.

కంప్రెసర్ పోయిందన్నారు రెండు షెడ్లవాళ్ళు.
పద్దెనిమిది వేలు. తెలుగువాణ్ణని అయిదొందలు తగ్గింపు.

దస్తగిరి ఏమీ అనలేదు.
నెల్లూరు నుంచి వచ్చి ముప్పయ్యేళ్ళు,
రేకులు కొట్టే ఈ వీధి
అతని చెవుల్ని ఎప్పుడో జమ చేసుకుంది.
పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన కంప్రెసర్‌కి ఆనించి
పిడి పళ్ళ మధ్య కరిచి
కళ్ళు మూసుకున్నాడు.
"దీనికేం రోగంలే."

లోపలికొచ్చి, కాళ్ళ దగ్గర దూరి, బ్లోయర్‌కి ఆనించాడు.
కనుబొమ్మ ఒకటి లేచింది.

గ్లవ్‌బాక్స్ ఊడదీసి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు:
ఫ్యాన్‌కి చుట్టుకున్న పూలదారం,
నల్లబడ్డ కనకాంబరాలు నాలుగు,
ఒక హెయిర్‌పిన్.

సెకండ్ హ్యాండ్ బండి. ఎవరి జడలోవో.
నేనింకా చూస్తూనే ఉన్నాను,
అతను ఆ పిన్నుతోనే చెవి గోక్కుంటూ
రెండు వేళ్ళు చూపించాడు.
రెండొందలు.

ఇప్పుడు చప్పుడు లేని చల్లగాలి.
జెమినీ వంతెన ఎక్కాక గానీ వినపడలేదు,
ఎడమ చక్రం దగ్గర
సన్నగా, ఇంకేదో.