ఎడమ ముందు చక్రం

సాలిగ్రామంలో నా ఉద్యోగం చప్పుళ్ళది.
తెర మీద ఎవరో నడుస్తారు,
నేను ఇసుక తట్టలో చెప్పులేసుకుని నడుస్తాను.
ఎముక విరగాలంటే పచ్చి ములక్కాడ విరుస్తాను.
పదిహేడేళ్ళుగా చెవి మీదే బతుకుతున్నాను.

అలాంటివాణ్ణి,
కుముద మూడు వారాలుగా చెబుతుంటే వినలేదు.
"బ్రేకు తొక్కితే గరగరమంటోంది."
వానలు కదా, డిస్కు మీద రాత్రి పట్టిన తుప్పు,
నాలుగుసార్లు తొక్కితే రాలిపోతుందన్నాను.
రాలలేదు.
"కీచుమంటోందా, గీరుతోందా?"
"పప్పు రుబ్బుతుంటే రోట్లో రాయి పడ్డట్టు."
ఆ ఒక్క ముక్క చాలాలి నాకు.
చాల్లేదు. చక్రం కన్నాల్లోంచి టార్చి వేసి
ప్యాడు మందంగానే ఉంది, పో, అన్నాను.

ఆదివారం పొద్దున్నే వీధిలో
ఆమె నెమ్మదిగా నడుపుతోంది,
నేను అద్దం పక్కన వంగి పరిగెడుతున్నాను.
"ఎన్న సార్, సండైయా?" అన్నాడు వాచ్‌మన్ తంగవేలు.
గొడవపడి వెంటపడుతున్నాననుకున్నాడు పాపం.
తొక్కనప్పుడు మోత లేదు:
ఇరుక్కున్న గులకరాయి కాదన్నమాట.
తొక్కితే ఉంది. ఎడమ వైపు. ముందు.
విప్పేలోపు ఒక్కసారి, అలవాటు చావదు,
మైకు పట్టుకుని రికార్డు చేశాను.
కుముద "ఛీ" అంది.

వెనక చక్రాలకి ఇటుకలు.
నేల మీద ఉండగానే నట్లు వదులు చేసి
తర్వాత జాకీ. జాకీని నమ్మకుండా కింద స్టాండు.
చక్రం ఊడొచ్చింది.
బయటి ప్యాడు కొత్త పెళ్ళికొడుకులా ఉంది.
లోపలిది లేదు.
అంటే, దాని వెనకుండే ఇనప రేకు ఉంది,
అదే ఇన్నాళ్ళూ డిస్కుని గీరుతోంది.
డిస్కు మీద గోరు జరిపితే గోరు తట్టుకుంది.
పాత రికార్డులా ఉందనబోయి ఊరుకున్నాను,
రికార్డుకి ఇంత లోతు గాట్లు ఉండవు.

కాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి.
సముద్రపు గాలికి కింది పిన్ను బిగుసుకుపోయింది.
జరగడం మానేశాక
భారమంతా లోపలిదే మోసింది,
బయటిది పక్కన నిలబడి చూసింది.
ఇది పైకే చెప్పాను, పాఠంలా.
కుముద నా వంక చూసింది.
ఏమీ అనలేదు.
నేనూ స్పానరు వెతుక్కున్నాను.

సగం షట్టర్లు దించిన పుదుప్పేటలో
డిస్కు ఒకటి చాలన్నాను.
కొట్టతను జాలిగా చూసి రెండు పెట్టాడు,
ప్యాడ్లు కూడా రెండు వైపులకీ.
బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే
కంచాల జతలా బరువు.

కాలిపర్ గొట్టానికి వేలాడకూడదని
తెగిన మైకు తీగతో స్ప్రింగుకి కట్టాను.
పిన్నుని ఉప్పు కాగితంతో రుద్ది, గ్రీజు పూసి,
పిస్టన్‌ని సీ-క్లాంపుతో
పసివాడి నోట్లో వేలు పెట్టినంత మెల్లగా
లోపలికి నెట్టాను.
పైన డబ్బాలో ఆయిలు పొంగబోయి ఆగింది.
కుడి వైపు అరగంటలో అయిపోయింది.
ఎడమ వైపుకి మధ్యాహ్నం అన్నం తప్పింది.

"తొక్కు."
పెడల్ నేలకంటా దిగిపోయింది.
కుముద మొహం పాలిపోయింది.
"భయపడకు. ఇంకా తొక్కు."
ఐదోసారికి గట్టిపడింది.
ఆ ఐదు తొక్కుళ్ళ మధ్య
ఇద్దరం ఊపిరి పీల్చలేదు.

రాత్రి పదకొండు దాటాక బైపాసు మీద
యాభై నుంచి పదికి, యాభై నుంచి పదికి,
పూర్తిగా ఆపకుండా ఎనిమిదిసార్లు.
కాలిన వాసన. అది మామూలే.
చప్పుడు మాత్రం లేదు.
అలవాటు తప్పిన చెవి
ఎక్కడెక్కడో వెతికింది:
లారీ హారన్, ఆమె గాజులు,
సీటు కింద దొర్లుతున్న మిగిలిపోయిన నట్టు.
(మిగలకూడదు. మళ్ళీ అన్నీ లెక్కపెట్టాం.
అది సీటుదే, పాతది.)

నిన్న ఒక సీరియల్లో
వందేళ్ళుగా మూసున్న నేలమాళిగ తలుపు తెరుచుకుంది.
రాతి మీద రాయి, గర్ర్‌మని, లోతుగా.
డైరెక్టరు తెగ మెచ్చుకున్నాడు.
ఇంట్లో కంచం ముందు టీవీ చూస్తూ
కుముద ఏమీ గమనించలేదు.
కుడికాలు మాత్రం
దానంతటదే నేలని గట్టిగా తొక్కింది.