సలోమక్క తాళం

ఒకే ఊళ్ళో ఉన్నాం మేమిద్దరం.
చెబితే ఎవరూ నమ్మరు.
ఆయన జహ్రాలో, గేటు పక్క డ్రైవరు గదిలో.
నేను సల్వాలో, మెట్ల కింద.
మధ్యలో రోడ్డు, ఇద్దరు కఫీళ్ళు,
వాళ్ళ పిల్లల బడి వేళలు.

నెలకో శుక్రవారం నాకు సెలవు.
ఆయనకీ అదే దొరకాలి.
కింద మలయాళం ఆరాధన, పక్కన తమిళం,
పైన మా తెలుగు, ఎనిమిది నుంచి పది.
అక్కడా ఆయన మగాళ్ళ వైపు,
నేను ముసుగేసుకుని ఆడాళ్ళ వైపు.

మొన్న అయ్యగారు శరీరాశ మీద చెప్పారు.
నిప్పన్నారు, పామన్నారు,
ఫోనుల్లో బొమ్మలు చూసే కుర్రాళ్ళకేసి వేలు చూపించారు.
చివర్న, పెళ్ళైనవాళ్ళ పానుపు పరిశుద్ధమని
ఒక్క ముక్కలో ముగించారు.
ఆ పానుపు ఎక్కడుందో చెప్పలేదు.

పాటల పుస్తకం చాటునుంచి
జక్కరయ్య మెడ చూస్తున్నాను.
కొత్త క్షవరం. చెవి కింద చిన్న గాటు.
అక్కడ వేలు పెట్టాలనిపించింది.
ఆ వేలిని ఏమనాలి అయ్యగారూ?
పదకొండేళ్ళ కింద మీలాంటి వారేగా
దానికి ఉంగరం తొడిగించింది.

మెట్ల మీద సలోమక్క ఎదురొచ్చింది.
నర్సు. నర్సాపురం మనిషి, నోరు పెద్దది.
ఆరోజు మాత్రం చేతిలో తాళం పెట్టి
"రాత్రిదాకా నాకు డ్యూటీ. దుప్పటి ఉతికిందే" అంది, అంతే.
అంత మంచి ప్రసంగం నేనీ దేశంలో వినలేదు.

అబ్బాసియాలో మూడో అంతస్తు.
తీగ మీద తెల్ల యూనిఫారాలు,
గోడకి నిరుటి క్యాలెండరు,
అందులో గొర్రెపిల్లని ఎత్తుకున్న ప్రభువు.
మంచం చూసి ఇద్దరం కుర్చీలు వెతుక్కున్నాం.

రోజూ ఫోనులో చూసే మొహమే.
ఫోనులో వాసన రాదు కదా.
పెట్రోలు, కొబ్బరినూనె, యజమాని కారులోని ఊదు.
సిగ్గేసి జుబైదీ చేప పులుసు విప్పాను.
ముల్లు తీసి మొదటి ముద్ద నాకే పెట్టాడు.
కంచాలు కడిగాను,
అవసరం కంటే ఎక్కువసేపు.

వచ్చేసరికి "ప్రార్థన చేద్దాం" అన్నాడు.
"తినేశాం కదా."
"దానికి కాదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.
మంచం పక్క మోకరించాడు.
"ప్రభువా, అన్నం ముందు నిన్ను పిలుస్తాం,
ప్రయాణం ముందు పిలుస్తాం,
దీని ముందే ఎందుకో తలుపేసుకుంటాం.
ఇదీ నువ్విచ్చిందే.
కొన్ని రాత్రులు ఆకలికి ఎంగిలి తినబోయాను.
నీకు తెలుసు. తనకి తెలీదు. ఇప్పుడు తెలిసింది.
దీన్ని దీవించు. నాకు తొందర లేకుండా చెయ్యి."

దీన్ని అంటే మంచాన్నో, నన్నో, ఆకలినో
నేనడగలేదు. ఆమేన్ అన్నాను.
ఎన్ని రాత్రులని కూడా అడగలేదు,
నావీ చెప్పాల్సొస్తుందని.

ఆ తర్వాతది రాయను.
గొర్రెపిల్లాయన గోడ మీదే ఉన్నాడు,
లేచి క్యాలెండరు తిప్పలేదు మేం.
చెవి కింద గాటు మీద వేలు పెట్టాను.

నాలుగింటికి దుప్పటి ఉతికి బాల్కనీలో వేస్తే
జూలై ఎండకి పావుగంటలో అప్పడంలా ఆరింది.
తాళం పక్కింటి మలయాళీ పిల్లకిచ్చాం.
ఆయన బస్సు అటు, నాది ఇటు.

తలుపు తీస్తూ మామా గడియారం చూసింది.
ఇంతసేపు ఏం చెప్పారు మీ చర్చిలో అంది.
నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో వెతికి
"ఆకలి" అన్నాను.
అన్నం గిన్నె చూపించి లోపలికెళ్ళిపోయింది.