అరిగిన గీతలు

యాకిమాలో, టైర్ల కొట్టు పక్కన, కిటికీ లేని గది.
పదకొండేళ్ళుగా నా పని ఒకటే:
వచ్చినవాళ్ళ వేళ్ళు పట్టుకుని గాజు మీద దొర్లించడం.
గోరు అంచు నుంచి గోరు అంచు దాకా,
నెమ్మదిగా, పసిబిడ్డను పక్క మార్చినట్టు.

ఈ సాయంత్రం చివరి నంబరు నెరెయిదా కిరోస్.
రెండేళ్ళకోసారి వస్తుంది. ఇది ఆరోసారి.
మొదటిసారి వచ్చినప్పుడు పళ్ళకి క్లిప్పులుండేవి.
ఇప్పుడు అరచేతిలో కాయలు,
నర్సింగ్ హోములో ముసలివాళ్ళని ఎత్తీ దించీ.

మెషీన్ ఆమె చూపుడువేలిని ఒప్పుకోలేదు.
ఎర్రదీపం.
మళ్ళీ పెట్టించాను. ఎర్రదీపం.
"శని ఆదివారాలు యాపిల్ షెడ్డు. అంతా క్లోరిన్ నీళ్ళు.
గీతలు అరిగిపోయాయి," అంది,
చెప్పులు అరిగాయన్నంత తేలిగ్గా.

గీత దాటి వచ్చిందనే కదా ఈ గొడవంతా.
దాటినప్పుడు మూడేళ్ళు. అమ్మ భుజం మీద నిద్ర.
ఆ గీత ఆమెకు గుర్తులేదు,
గీతకి మాత్రం ఆమె బాగా గుర్తు.

గోడమీద టీవీ. గొంతు నొక్కి ఉంచమని పై ఆఫీసు ఆజ్ఞ.
మాటలు అడుగున అక్షరాలై
మనిషి కంటే రెండు వాక్యాలు వెనకబడి నడుస్తాయి.
బూడిదరంగు సూటాయన వేలెత్తాడు:
వరసలో నిలబడి రమ్మనండి.
నెరెయిదా చదివి, తల దించకుండానే అంది:
"ఆ వరస ఎక్కడ మొదలవుతుందో కనుక్కోడానికి
లాయరుకి నాలుగు వందల డాలర్లు కట్టింది మా అమ్మ.
మీకు వరస లేదమ్మా, అన్నాడాయన.
రసీదు మాత్రం ఇచ్చాడు."

మా బావమరిది డ్వెయిన్‌కి హాప్ తీగల తోట ఉంది.
చట్టం చట్టమే అంటాడు, భోజనాల బల్ల గుద్ది.
సెప్టెంబరు వచ్చి కోతకి చేతులు చాలకపోతే
ఆ చట్టాన్నే గోడవైపు తిప్పి పడుకోబెడతాడు.
చెడ్డవాడు కాదు. మొన్న నా కారు బాగుచేసి పెట్టాడు.

తర్వాత ఇంకొకామె లేచింది. మంచి మనిషి.
కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి:
ఈ పిల్లలు, తమ తప్పేమీ లేకుండా...

నేను తలూపాను. ఆ మాటకి ఎప్పుడూ ఊపుతాను.
నా చేతిలో ఆమె వేలు బిగుసుకుంది.

"నా తప్పు లేదంటే
మిగిలిన తప్పు ఎవరి పద్దులో రాస్తారు?
దాటినప్పుడు నా వెంట ఇంకెవరున్నారు, మా అమ్మ తప్ప?
నన్ను కడిగిన నీళ్ళు ఆమె మీదే కదా పారబోస్తున్నారు.
మా తమ్ముడు ఎలీసియోకి జ్వరమొస్తే
ఎత్తుకుని మూడు మైళ్ళు నడిచింది,
కారు తీస్తే పట్టుకుంటారని.
ఆమెను దొంగని చేసి నాకు కార్డిస్తే
ఆ కార్డు ఏ జేబులో పెట్టుకోను, చెప్పండి."

చెప్పలేదు. నాది ప్రభుత్వం కుర్చీ.
గ్లిజరిన్ సీసా తీసి
ఆమె వేలికొసకి ఒక బొట్టు రాశాను.
ఏడో ప్రయత్నానికి పచ్చదీపం.
పచ్చదీపం అంటే రెండేళ్ళు.
అదీ ఈలోగా ఎవరూ కొట్టెయ్యకపోతే.

థాంక్స్ చెప్పి పరిగెత్తింది. రాత్రి షిఫ్టు.
టీవీలో అందరూ కాగితాలు సర్దుకుంటున్నారు.
చర్చ వాయిదా.
ఎప్పటికో చెప్పలేదు.

మా తాత టకోమా రేవులో
ఓడ దిగి మళ్ళీ ఎక్కలేదు.
వంటవాడు. పొయ్యి మీద సూపు ఉడుకుతుండగానే దిగిపోయాడట.
మా ఇంట్లో అది క్రిస్మస్ రాత్రి చెప్పుకు నవ్వుకునే కథ.
చచ్చిపోయేదాకా ఆయన్ని
వేళ్ళు చూపించమని ఒక్కరూ అడగలేదు.
ఆయన తప్పుకి సాహసమని పేరు పెట్టుకున్నాం.

ఒకరికీ ఒకరికీ నడుమ గాజు తుడవాలి. రూలు.
లేకపోతే ముందుమనిషి తడి ఉండిపోయి
మెషీన్ ఇద్దర్నీ ఒకరనుకుంటుంది.

తలుపు గడియ పెట్టాక
తుడవలేదు.
నా చూపుడువేలు పెట్టాను, ఆమె పెట్టిన చోటే.
కాసేపు ఆలోచించింది.
ఎర్రదీపం.
ముద్ర ఎవరిదో తేలడం లేదు,
మళ్ళీ పెట్టండి.