నాలుగు పెన్సిళ్ళు

మద్రాసు దిక్కు నుంచి వచ్చిన కొత్త తాసిల్దారు హుకుం:
దేవరకొండ తాలూకాల ఏ ఊరు ఏ పార్టీదో
నక్ష గీసియ్యాలె, ఓట్ల పెట్టెలు రాకముందే.
ఎర్రది, నీలిది, పచ్చది, పసుపుది
నాలుగు పెన్సిళ్ళు, ఒక రబ్బరు
దస్తఖతు పెట్టించుకోని చేతికిచ్చిండు.

ఇరవై రెండేండ్లు జరీబు గుంజినోణ్ణి.
తరిని కొలిచిన, ఖుష్కీని కొలిచిన,
బోడగుట్ట మీదికెక్కి గాలిని గూడ కొలిచిన.
మనిషి ఎటుదిక్కు మొగ్గుతడో
ఏ సేత్వారుల రాసిలేదు.

ఉప్పరిగూడెం గడిల
రూమీ టోపీ యాలాడిన మేకుకే
ఖద్దరు టోపీ యాలాడుతుంది.
"రాసుకో మున్షీ, ఊరంత మాదే" అన్నడు దొర.
ఊరంత అంటే ఎవలెవలని అడుగుడు
నా నౌకరీల లేదు.

వాగవతల బక్కి ఎల్లగొండను అడిగితే
పాత పేరు చెప్తె జైలు,
కొత్త పేరుకు ఇంకా నోరు తిరుగలే.
"ఏ ఫ్రంటు మీది?"
"రెండెకరాలిచ్చిన ఫ్రంటు సాబ్.
మళ్ళ గుంజుకుంటుండ్రు గదా, అడిగే ఫ్రంటు."
ఎర్రది తీసిన. మొన విరిగింది.

గట్టు పంచాయితిల పదేండ్లు మాట్లాడుకోని
ఇద్దరు పటేండ్లు
ఒక్క కరపత్రం మీద పక్కపక్కన అచ్చయిండ్రు.
నీలి మీద ఎర్రది రుద్దితే నేరేడు రంగొచ్చింది,
దానికి పెన్సిలియ్యలే సర్కారు.
పొత్తుల బర్రె పుచ్చి సచ్చిందని
సంతల ముసలోళ్ళు నవ్వుతుండ్రు.
వారానికే విడిపోయిండ్రు. రబ్బరు తీసిన.

తండాల సోమ్లీ పొయ్యి ముంగట నుంచి లేవలే.
"రాత్రొచ్చినోళ్ళకు రొట్టె పెట్టిన,
తెల్లారొచ్చినోళ్ళకు రొట్టె పెట్టిన.
రొట్టెకు గూడ రంగేస్తవా?"
ఒకటి నాకూ పెట్టింది.

ఆఖరికి మా గల్లీ.
పోలీసులొచ్చిన ఏడాది నుంచి సగం ఇండ్లకు తాళాలు.
మిగిలినోళ్ళం
అన్ని మీటింగులకూ పోతున్నం,
అందరికీ చప్పట్లు కొడుతున్నం,
ముందు వరసల కాదు, మరీ ఎనుకా కాదు.
పచ్చ పూసిన, తుడిచిన. నీలి పూసిన, తుడిచిన.
మా ఆమె దీపం పట్టుకోని నిలబడ్డది,
ఏ రంగుకూ ఏం అనలే.

"ఇదేమిటి ఖాజా మియా, ఇక్కడ ఖాళీగా వదిలేశావు?"
"ఖాళీ కాదు సార్.
తుడిచి తుడిచి కాగితానికి చిల్లి పడ్డది."

ఆయన ఎనుక నుంచి
తెల్లకాగితం తునక అతికిచ్చి
ముద్రేసిండు.
పెన్సిళ్ళు లెక్కపెట్టి తీసుకున్నడు.
రబ్బరేదని అడిగిండు.