నాపబండ మీద ఎనిమిది

అట్టపెట్టె ఇప్పంగానే పీరావలి
సైకిల్ని తలకిందులు చేసి నిలబెట్టినాడు.
"మామా, గంటలో బిగించేద్దాం,
మాపటికి పెన్న దాకా పోయొద్దాం!"
ఉండు రా, అంటి.
కొత్తదని నమ్మి బిగించేది నిన్న పుట్టినోళ్ల పని.
ముప్పై ఒక్క ఏండ్లు తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో
పాలీషు పట్టిన చేతులివి,
నున్నగుందని ఎవరన్నా చెప్తే
ముందు గోరుతో గీకి చూస్తాయి.

తల మీది నాలుగు నట్లు ఇప్పితే
లోపల గుక్కెడు చీకటి,
దాని గోడల్లో కిటికీలు.
ఒకటి గాలి వచ్చేదానికి, ఒకటి పొగ పొయ్యేదానికి,
పక్కన రెండు సందులు, పైకి మోసేదానికి.
వేలు పెట్టి తడిమితే
పోత పోసినప్పటి మీసాలు, వెండి రజను.
అయస్కాంతానికి రాదది, అల్యూమినియం.
కిరసనాయిలు తపేలాలో ముంచి
పాత పండ్ల బ్రష్షుతో తోమితే
మెరుస్తా దిగింది అడుగున,
చిటికెడు.
ఆ చిటికెడు చాలు
పిస్టన్ గొంతు పట్టేదానికి.

పీరావలి నవ్వినాడు, ఇంత దుమ్ముకేనా అని.
నేను దగ్గినా.
వాడు నవ్వు ఆపి
ఎలుకతోక ఆకురాయి అందిచ్చినాడు.

కిటికీల అంచులు మొద్దు చెయ్యల్ల,
పదునుంటే రింగు తట్టుకొని రెండు ముక్కలైతుంది.
కార్బొరేటర్ మెడకూ సిలిండర్ బొక్కకూ కుదరలే,
అలిగిన వియ్యంకుల లెక్క
చెరొక దిక్కు చూస్తాండాయి.
గ్యాస్కెట్ అట్ట పెట్టి, పెన్సిల్‌తో గీసి
గీత దాకా రాకినాం.
సాయంత్రమంతా ఆ ఒక్క బొక్కకే పాయ.

రెండో దినం హెడ్డు.
చదునుగానే ఉండాది కదా, అన్నాడు వాడు.
కుళ్లాయమ్మను కాటుక డబ్బీ తెమ్మన్నా.
"ఇంజనుకు కాటుకేంది, పెండ్లికూతురా?"
అడుగుతానే తెచ్చింది.
ముఖానికి పల్చగా పూసి
గడప ముందర నాపబండ మీద
ఉప్పుకాగితం పరిచి నీళ్లు చల్లినా.
ఈ బండకు పాలీషు పట్టింది నేనే,
ఇల్లు కట్టిన ఏడు, జీతంలో పట్టుకొని ఇచ్చినారు.
ఇనుప బద్ద పెడితే
కింద వెలుతురు దూరదు.
దీని మీద
ఎనిమిది అంకె రాసినట్టు తిప్పల్ల హెడ్డును.
ఒత్తగూడదు,
దాని బరువే దానికి చాలు.
ఇరవై ఎనిమిదులకు ఎత్తి చూస్తే
బొల్లి బొల్లిగా తెలుపు,
ఒగ పక్క కాటుక చెక్కుచెదరలే.
ఆడ పల్లం.
మళ్లా ఎనిమిది. మళ్లా.
నా ఊపిరి ముందు అలిసింది,
పీరావలి పట్టుకున్నాడు.
వానిది తొందర చెయ్యి, కాగితం చినిగింది.
పోను పోను చప్పుడు మారింది,
గరగర పోయి
చీర అంచు నేలకు రాసినట్టు.
ఆ చప్పుడు నాకు తెలుసు.
చాలు, అన్నా.

కిట్టుతో వచ్చిన స్టడ్లు బెల్లం మాదిరి మెత్తన.
ఫ్యాక్టరీ స్టోరు ఓబుళపతి
లెక్కలో లేని గట్టివి నాలుగు ఇచ్చినాడు.
మూలకు మూల, ఇంతింతగా బిగించినాం.

నూనె కొలిచేదానికి
నా దగ్గు టానిక్ మూత.
లీటరు పెట్రోలుకు ఐదు మూతలు, కొత్తలో.
కొన్ని వందల కిలోమీటర్లు తిరిగినాక తగ్గియ్యొచ్చు.
డాక్టరు నాకు రాసింది రెండు.
ఎప్పుడు తగ్గియ్యల్లో చెప్పలే.

రైలు బ్రిడ్జి ఎక్కుడు కాడ
ఏడాదిగా దిగి తోస్తాండా సైకిల్ని.
వెనక బండల లారీ హారన్ కొట్టదు,
డ్రైవరు తెలిసినోడు, నిదానంగా వస్తాడు.
దానికే సిగ్గు నాకు.
రేపు ఎక్కుతుందో లేదో.
ఇంగా చైను సర్దల్ల, క్లచ్ తీగ ఎయ్యల్ల.

పొద్దున లేసి చూస్తే
కాగితం చినిగిన కాడ, బండ మీద
సన్నగా నల్లటి ఎనిమిది.
కుళ్లాయమ్మ సబ్బు పెట్టి తోమింది,
చింతపండు పెట్టి తోమింది.
"ఇంగ పోదు గానీ, తాగు" అని
టీ గలాసు తెచ్చి
సరిగ్గా కింది సున్నలో పెట్టింది.