గాలికి వదిలేసిన గాలి

ఆర్క్నీ దీవుల్లో చెట్లు తక్కువ.
ఉన్న నాలుగూ తూర్పుకి ఒరిగి
ఎవరో పిలిస్తే బయల్దేరి
మధ్యలో ఆగిపోయినట్టుంటాయి.
ఇక్కడ గొడుగులమ్మే కొట్టు లేదు.
కోళ్ల గూటికి కూడా తాళ్లు కట్టి రాళ్లు వేలాడదీస్తాం.
తాతల నాడు నేలనే తవ్వి, ఎండబెట్టి, కాల్చుకునేవాళ్లు.
ఆ గుంటల్లో ఇప్పుడు నీళ్లు, బాతులు.

మా దీవి గాలిమర మా అందరిదీ.
బడి పైకప్పుకి డబ్బు తెస్తుందని
చందాలేసుకుని నిలబెట్టుకున్నాం.
లోపలి నిచ్చెన ఎక్కేది నేను.
నూట అరవై రెండు మెట్లు.
ఎనభయ్యో మెట్టు దగ్గర
మోకాలు ఎప్పుడూ ఒక మాట అంటుంది.

మొదటి చలికాలం, జనవరి, అర్ధరాత్రి.
గాలి కిటికీల్ని నిద్రపోనివ్వడం లేదు.
ఫోన్ మోగింది: ఆపు.
సముద్రం అడుగున
పెద్దనేలకి వెళ్లే తీగ సన్నది.
నిండిపోయింది. ఇంక చుక్క పట్టదు.
మీట నొక్కాను.
మూడు రెక్కలూ,
వడ్డించిన విస్తరి ముందు
చేతులు కట్టుకు కూర్చున్నవాళ్లలా
ఆగిపోయాయి.

గాలిని గాలికే వదిలేశాం.

ఆ రాత్రే, గుట్ట కింద,
మైమీ ఫ్లెట్ ఇంట్లో ఒక్క గదిలోనే దీపం.
ఎనభై మూడేళ్లు. కోటుతోనే పడుకుంటుంది.
నూనె ట్యాంకులో జానెడు మిగిలింది.
తర్వాతి పడవ గురువారం,
అదీ గాలి ఒప్పుకుంటే.

"నీ రెక్కలెందుకు ఆగాయి?"
పొద్దున్నే అడిగింది, రొట్టెకి వెన్న రాస్తూ.
గాలి ఎక్కువైంది, అన్నాను.
నవ్వలేదు.
వెన్న రాయిలా ఉండి
కత్తి కింద రొట్టె చిరిగింది.

మూడేళ్లు పట్టింది.
మీటింగులు, సంతకాలు, పోయిన కాగితాలు,
చేపల గోదాము వెనక గదిలో
రోన్యా ఇస్బిస్టర్ అనే పిల్ల
కంప్యూటర్‌తో పట్టిన కుస్తీ.
ఇప్పుడు చాలా రాత్రులు నా ఫోన్ మోగదు.
నాకు 'ఆపు' అనడానికి ముందే
మైమీ వంటింటి మూలనున్న పెట్టెకి
'తీసుకో' అని కబురెళుతుంది.
పెట్టె నిండా ఇటుకలు. అంతే.
తుఫాను వచ్చి
వాటిలో మునగదీసుకుని పడుకుంటుంది.

అన్ని రాత్రులూ కాదు.
గాలి పడిపోయిన ఫిబ్రవరి వారంలో
ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి.
పడవ ఇంకా డీజిలే తాగుతోంది.
తీగ ఇంకా సన్నదే.
పక్క దీవిలో ఇంకా 'ఆపు' అంటూనే ఉన్నారు.
మా గురించి గొప్పగా రాసుకోవడానికి వచ్చినవాళ్లకి
ఇది కూడా రాసుకోండి అంటాను.
తల ఊపుతారు. పెన్ను కదలదు.

నిన్న సాయంత్రం వెళ్లాను.
కోటు మేకుకి వేలాడుతోంది.
పెట్టె మీద వెన్న గిన్నె, దాని పక్కనే
దొంగచూపులతో పిల్లి.
బయటి తలుపు దబదబమంది.
మైమీ లేవలేదు, తల కూడా తిప్పలేదు.
"లోపలికొచ్చి గంటయింది కదా,
మళ్లీ ఆ తలుపెందుకు బాదుతావ్?"
అని గాలిని కసిరింది.