జిగట కుక్క

టెస్సా గమ్మరీకి పదకొండేళ్లు.
పక్కింటి కుక్క మీద వ్యాసం రాసింది.
"మిసెస్ బఫ్టన్ గారి కుక్క చాలా విస్కస్" అని,
విషస్ అనబోయి.
కరిచే కుక్క కాస్తా జిగట కుక్క అయింది.
టీచరు పక్కన ఎర్ర సిరాతో అడిగింది:
"ఆ ఇంట్లో ఉన్నది కుక్కా, పాకమా?"

హెడ్లీ పెదనాన్న నవ్వీ నవ్వీ
టీ ఒలకబోసుకున్నాడు.
"ఇదిగో, ఇది మాత్రం విస్కస్ కాదు" అన్నాడు
మేజోడు దాకా పరుగెత్తిన టీని చూపించి.

అలమారలోంచి సిరప్ డబ్బా దించి
చెంచా ముంచి ఎత్తాడు.
డిసెంబరు, టెమ్ నది మీంచి చలి.
సిరప్ వెంటనే పడలేదు.
ఆలోచించింది.
చెంచా అంచున బొజ్జ పెంచుకుని
మెడ సాగదీసి
ఇక తప్పదన్నట్టు
వ్యాసం మీదికే దిగింది.

"చిక్కగా ఉండటమొక్కటే కాదే,
పొమ్మంటే పోకపోవటం.
పొయ్యి పక్కన పెట్టి చూడు, మాట వింటుంది."

టెస్సా జాబితా రాసుకుంది.
తేనె: అవును.
ట్రాక్టర్ ఆయిల్: పొద్దున అవును, మధ్యాహ్నం అంతగా కాదు.
బురద: అడగాలి.
మిసెస్ బఫ్టన్ చెప్పే కబుర్లు: అవును, అవును.

మర్నాడు తోటలో నిచ్చెన వేశారు.
ఆకు రాలిన ఆపిల్ చెట్లలో
పచ్చటి బంతుల్లా మిసిల్టో,
మన బదనికకు దూరపు చుట్టం.
మంగళవారం వేలంపాటకి కట్టలు కట్టాలి.
పెదనాన్న ఒక తెల్ల పండు చిదిపాడు.
వేలికీ వేలికీ మధ్య సన్నని దారం సాగింది,
తెగలేదు.

"ఆ మాట పుట్టిల్లు ఇదే.
రోమన్లకి ఈ మొక్క పేరూ
దీని బంక పేరూ ఒకటే.
మా తాత పండ్లు ఉడకబెట్టి
కొమ్మలకి పూసేవాడు.
గోల్డ్‌ఫించ్ వచ్చి వాలేది.
కాళ్లు అంటుకునేవి.
రెక్క కొడితే రెక్క అంటుకునేది."

"తర్వాత?"

"పంజరానికి ఆరు పెన్నీలు."

టెస్సా వేలు కోటుకి తుడుచుకుంది.
కోటు నుంచి రెండో చేతికొచ్చింది.
ఆ చేత్తో ఏమీ ముట్టుకోకుండా
ఇంటిదాకా నడిచింది.

ఈ పద్యం రాస్తున్న నా భాషలో
చిక్కనిదీ చిక్కినదీ
ఒకే బల్ల మీద ఆనుకుని కూర్చుంటాయి.
చిక్కటి పాలు, చిక్కిన పిట్ట.
పలక మీద రెండూ దిద్దాను.
ఎప్పుడూ ఉలిక్కిపడలేదు.

రాత్రి టెస్సా తప్పు దిద్దటానికి కూర్చుంది.
విస్కస్ కొట్టేసింది.
విషస్ రాసింది. అదీ కొట్టేసింది.
కుక్కని గొలుసుతో కట్టేస్తారు, అని రాసి
కాసేపు చూసింది.
పేజీ తిప్పబోయింది.
రాలేదు.